నూరా: అరామిక్‌లో నిప్పుకు ఉన్న పేరు – తరచుగా అడిగే ప్రశ్నలు

ముందు ఆ మాట ఏంటో చెప్పండి, ఎలా పలకాలి?

నూరా. నిప్పు, మంట, అగ్ని అన్నిటికీ అదే మాట. తెలుగులో రాస్తే ఉన్నదున్నట్టు పలుకుతుంది, నూ దీర్ఘం, రా దీర్ఘం, అంతే. అరామిక్ రాతలో నాలుగక్షరాలు: నూన్, వావ్, రేష్, ఆలెఫ్. అరామిక్ మాండలికాల్లో క్రైస్తవులు వాడుకున్నది సిరియాక్, దాని తూర్పు పద్ధతిలో నూరా అంటారు, పడమటి పద్ధతిలో చివరి 'ఆ' కాస్తా 'ఓ' అయి నూరో అవుతుంది. ఈ రెండు పద్ధతులూ మన పక్కనే కేరళలో ఉన్నాయి: సీరో మలబార్ చర్చిది తూర్పు సిరియాక్ సంప్రదాయం, యాకోబాయ, ఆర్థడాక్స్ చర్చిలది పడమటిది. కాబట్టి ఎవరైనా నూరో అంటే తప్పు పలికారని దిద్దబోకండి.

కొన్నిచోట్ల నూర్ అని, కొన్నిచోట్ల నూరా అని రాస్తున్నారు. ఏది కరెక్ట్?

రెండూ కరెక్టే. నూర్ అంటే ఏదో ఒక నిప్పు, నూరా అంటే 'ఆ నిప్పు'. అరామిక్‌లో మనం ముందు పెట్టే 'ఆ'ని మాట చివర తగిలిస్తారు. తెలుగు క్రైస్తవులందరికీ తెలిసిన 'అబ్బా' అన్న పిలుపు కూడా ఇలా చివర ఆ చేరినదే, అబ్ అంటే తండ్రి. కాలం గడిచేకొద్దీ సిరియాక్ లాంటి తూర్పు మాండలికాల్లో ఆ చివరి 'ఆ'కి ప్రత్యేకమైన అర్థం పోయి, మామూలుగా మాట రూపమే అదైపోయింది. అందుకే ఇప్పుడు నిఘంటువులో వెతికితే నూరా అనే కనిపిస్తుంది.

అరామిక్ అంటే హీబ్రూనేగా?

కాదు, దగ్గరి చుట్టం. క్రీస్తుపూర్వం మొదటి సహస్రాబ్దిలో ఇప్పటి సిరియా ప్రాంతంలో మొదలై, అస్సీరియా, బాబిలోను, ఆ తర్వాత పారశీక సామ్రాజ్యాల్లో ఆఫీసు భాషగా మారి, ఈజిప్టు నుంచి అఫ్ఘానిస్తాన్ దాకా ఉత్తరాలూ లెక్కలూ రాసుకునే భాష అయింది. అశోకుడు కాందహార్‌లో వేయించిన శాసనాల్లో అరామిక్ ఉంది, మన వాయవ్యాన వాడిన ఖరోష్ఠి లిపి కూడా అరామిక్ లిపి నుంచి పుట్టిందే. బైబిలు పాత నిబంధన దాదాపు అంతా హీబ్రూలో ఉంటే దానియేలులో సగం, ఎజ్రాలో కొన్ని అధ్యాయాలు మాత్రం అరామిక్‌లో ఉన్నాయి.

బైబిల్లో నూరా ఎక్కడుంది?

దానియేలు మూడో అధ్యాయం తీయండి. బాబిలోను రాజు నెబుకద్నెజరు బంగారు ప్రతిమ నిలబెట్టి మొక్కమంటాడు, షద్రకు, మేషాకు, అబేద్నెగో మొక్కం అంటారు. తెలుగు బైబిల్లో 'మండుచున్న అగ్నిగుండము' అని పదే పదే వస్తుంది కదా, మూలంలో అది 'అత్తూన్ నూరా యాకిద్‌తా'. ఈ మూడు మాటలూ అదే వరసలో ఆ అధ్యాయంలో 8 సార్లు వస్తాయి. గట్టిగా పైకి చదివితే తెలుస్తుంది, బెదిరింపు చాటింపులా ఉంటుంది, చెప్పినవాడికి విసుగు రాదు, విన్నవాడికి వణుకు తగ్గదు. కథ రాసినవాడు కావాలనే అలా చేశాడని నా నమ్మకం, ఎందుకంటే వాయిద్యాల జాబితాని, అధికారుల జాబితాని కూడా అలాగే మళ్లీ మళ్లీ తిప్పుతాడు. రాజుగారి దర్బారు భాషని వెక్కిరిస్తున్నట్టే ఉంటుంది.

ఇందులో అత్తూన్ అన్నది అక్కడి ఆవం లాంటిది, అస్సీరియా, బాబిలోనుల పాత భాష అక్కాడియన్‌లోని 'ఉతూను' నుంచి వచ్చిన మాట, కుండలూ ఇటుకలూ కాల్చే బట్టీ. అగ్నిగుండం అంటే మనకి నేలలో తవ్విన గుంట, నిప్పుల మీద నడిచేవాళ్లు కళ్లముందుకొస్తారు. కానీ అక్కడున్నది పైన తెరిపి, పక్కన నోరు ఉన్న బట్టీ అనుకుని చదివితే కథ ఇంకా బాగా అర్థమవుతుంది: వాళ్లని లోపలికి పడేయడం, మోసుకెళ్లినవాళ్లు ఎగిసిన మంటకి చచ్చిపోవడం, రాజు బయటినుంచే లోపల నలుగురు నడుస్తున్నారని చూడడం, తర్వాత బట్టీ వాకిలి దగ్గరకొచ్చి కేకేయడం, అన్నీ కుదురుతాయి. చివర్న వాళ్లు బయటికొచ్చినప్పుడు 'రేహ్ నూర్', అంటే నిప్పు వాసన కూడా వాళ్లకి అంటలేదని చెప్తాడు. మొత్తం అధ్యాయంలో నాకు బాగా నచ్చిన ముక్క అది.

ఏడో అధ్యాయంలో ఇదే మాట ఇంకో ఎత్తుకి వెళ్తుంది. వృద్ధుడైన దేవుడు కూర్చున్న సింహాసనం నిప్పు జ్వాలలు, దాని చక్రాలు మండే నూర్, ఆయన ముందునుంచి 'నెహర్ ది నూర్' పారుతుంది, అంటే నిప్పు నది. తర్వాతి యూదు సాహిత్యంలో ఈ నెహర్ దినూర్ ఏకంగా ఒక చోటి పేరైపోయింది, దేవదూతలు అందులోంచి పుడతారని యూదుల ధర్మచర్చల గ్రంథం తల్మూదులో ఒక మాట కూడా ఉంది. ఆ నెహర్ అన్నది ఉర్దూలో మనం కాలవకి వాడే నెహర్‌కి చుట్టమే.

అంతకుముందు అరామిక్‌లో నిప్పుకు వేరే మాట ఉండేదా?

ఉండేది, అసలు పాత మాట అదే. 'ఎష్', కాస్త పొడుగు రూపంలో 'ఎష్షా', 'ఎష్షాతా'. హీబ్రూలో ఎష్, అక్కాడియన్‌లో ఇషాతు, ఇథియోపియాలో అమ్హారిక్ మాట్లాడేవాళ్లు ఇప్పటికీ నిప్పుని 'ఇసాత్' అంటారు. అంటే ఈ మాట సెమిటిక్ భాషల, అంటే హీబ్రూ, అరామిక్, అక్కాడియన్ లాంటి చుట్టాల ఉమ్మడి ఆస్తి.

దీనికి నాకు తెలిసిన బెస్ట్ ఉదాహరణ సిరియాలో అలెప్పో దగ్గర సెఫీరేలో దొరికిన నల్లరాతి శాసనాలు, క్రీస్తుపూర్వం 8వ శతాబ్దానివి. అర్పాదు రాజు మతీయేల్ ఇంకో రాజుతో చేసుకున్న ఒప్పందం అది. ఒప్పందం తప్పితే ఏమవుతుందో శాపాల రూపంలో రాశారు, రాయడమే కాదు చేసి చూపించారు కూడా: ఈ మైనం నిప్పులో ఎలా కాలుతోందో అలాగే అర్పాదు కాలిపోవాలి, అలాగే మతీయేల్ నిప్పులో కాలిపోవాలి. అక్కడ ఉన్న మాట 'బెఎష్', అంటే నిప్పుతో. మతీయేల్ మాట తప్పాడో లేదో గానీ క్రీస్తుపూర్వం 740లో అస్సీరియా రాజు తిగ్లత్ పిలేసరు చేతిలో అర్పాదు కూలిపోయింది.

ఇంకోటి ఈజిప్టులో, నైలు నది మధ్య ఎలిఫెంటైన్ దీవిలో. అక్కడ పారశీకుల కొలువులో యూదు సైనికులు కుటుంబాలతో ఉండేవాళ్లు, వాళ్లకి సొంత గుడి ఉండేది. క్రీస్తుపూర్వం 410లో స్థానిక పూజారులు అధికారిని మంచి చేసుకుని ఆ గుడిని పడగొట్టించారు. 407లో ఆ యూదులు యూదయ గవర్నరుకి రాసుకున్న అర్జీ పపైరస్ మీద అలాగే మిగిలింది. దేవదారు కప్పు, తలుపులు, అన్నీ నిప్పుతో కాల్చేశారని అందులో ఫిర్యాదు, నిప్పుకి అక్కడా ఎష్షా మాటే.

దానియేలు ఏడో అధ్యాయంలో రెండు మాటలూ పక్కపక్కనే ఉంటాయి, పదో వచనంలో నూర్, పదకొండో వచనంలో మృగాన్ని పడేసే చోట ఎష్షా. తర్వాత దారులు చీలాయి. మోషే చూసిన మండే పొద దగ్గర, ఓంకెలోస్ తర్గూము అనే యూదుల అరామిక్ అనువాదం పాత మాటనే పట్టుకుంది, సిరియాక్ క్రైస్తవులు మాత్రం నిప్పు అంటే నూరానే అన్నారు.

మరి ఆ పాత మాట ఏమైపోయింది?

జ్వరం అయింది. నిజంగానే. సిరియాక్‌లో ఎష్షాతా అంటే జ్వరం, బాబిలోను తల్మూదులో కూడా జ్వరం తగ్గడానికి చెప్పిన చిట్కాల దగ్గర ఈ మాటే కనిపిస్తుంది. మనం ఒళ్లు కాలిపోతోంది అంటాం కదా, సంస్కృతంలో జ్వరం, జ్వాల కూడా ఒకే ఇంటివే.

సరే, నూరా ఎక్కడినుంచి వచ్చింది?

న, వ, ర అనే మూడు హల్లుల మూలం నుంచి. సెమిటిక్ భాషల్లో మాటలు ఇలా మూడు హల్లుల చుట్టూ అల్లుకుంటాయి, అచ్చులు మారుస్తూ కొత్త మాటలు చేసుకుంటారు. ఈ మూలానికి పాత అర్థం వెలగడం, మెరవడం అయ్యుండాలి, ఎందుకంటే అక్కాడియన్‌లో 'నూరు' అంటే వెలుగు, దీపం. సిరియా తీరాన ఉగారిత్‌లో సూర్యదేవత షపష్‌ని దేవతల దీపం అని పిలిచేవాళ్లు, ఆ దీపం అన్న మాట ఈ మూలానిదే. హీబ్రూలో 'నేర్' అంటే దీపం, ఏడు కొమ్మల దీపస్తంభం మెనోరా కూడా ఇందులోంచే. అంటే చుట్టాలందరి ఇళ్లలో ఇది దీపంగా ఉంటే అరామిక్ ఇంట్లో నిప్పుగా స్థిరపడింది. నిప్పు లేకుండా వెలుగు లేని రోజుల్లో ఆ రెండిటి మధ్య గోడ ఎంత పల్చనో వేరే చెప్పక్కర్లేదు.

అంటే నూరా అంటే వెలుగు అని కూడా అనొచ్చా?

ఇక్కడే ఎక్కువమంది పొరబడుతున్నారు. అరామిక్‌లో వెలుగుకి వేరే మాట ఉంది: 'నెహోరా', సిరియాక్‌లో 'నుహ్రా'. మధ్యలో హ ఉంటుంది, చూసుకోండి. నేను లోకానికి వెలుగును అని యేసు అన్న మాట సిరియాక్ సువార్తలో నుహ్రాతోనే ఉంది. ఇరాక్, ఇరాన్‌లలో ఉండే మాండయన్లు అనే చిన్న మత సమాజం తమ వెలుగు లోకాన్ని 'ఆల్మా ద్‌నహూరా' అంటారు, వాళ్ల భాషలో నూరా అంటే మళ్లీ నిప్పే, అదీ చాలాచోట్ల దహించే నిప్పు. ఆ రెండు మాటల్నీ కలిపేస్తే వాళ్ల గ్రంథాల్లో స్వర్గం, నరకం తారుమారైపోతాయి.

అరబిక్‌లో నూర్ అంటే వెలుగే కదా?

అవును, అరబిక్ ఈ పనిని చక్కగా పంచేసింది. నార్ అంటే నిప్పు, నూర్ అంటే వెలుగు, మూలం ఒకటే. ఖురాన్‌లో నార్ చాలాసార్లు నరకాగ్ని, నూర్ దైవకాంతి. ఫార్సీ, ఉర్దూల మీదుగా ఆ నూర్ మన దాకా వచ్చింది. కృష్ణా తీరంలో కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే కోహినూర్ పేరుకి వెలుగుల కొండ అని అర్థం. నూర్జహాన్ సంగతి చెప్పక్కర్లేదు. ఇంకా తమాషా ఏంటంటే 1591లో కట్టిన చార్మినార్‌లో కూడా ఈ మూలం ఉంది, మినార్ అన్నది అరబిక్ 'మనారా' నుంచి వచ్చింది, దీపం పెట్టే చోటు, దీపస్తంభం అని దాని తొలి అర్థం. హైదరాబాదు వాళ్లు ఈ మూలాన్ని రోజూ పలుకుతూనే ఉన్నారన్నమాట.

తందూరీలో కూడా నూరా ఉందని ఒకచోట చదివాను, నిజమా?

వినడానికి బాగుంటుంది, కానీ నమ్మకండి. తందూర్ ఫార్సీ తనూర్ నుంచి, ఆ పక్కన అరబిక్ తన్నూర్, అరామిక్ తన్నూరా, హీబ్రూ తన్నూర్ ఉన్నాయి. చివర్న నూర్ కనిపిస్తోంది కాబట్టి నిప్పుల ఇల్లు అని విడగొట్టి చెప్పేవాళ్లు చాలాకాలంగా ఉన్నారు. అయితే అక్కాడియన్‌లో ఇది 'తినూరు'గా చాలా ముందునుంచే ఉంది, సెమిటిక్ మూలంతో దాన్ని సరిగ్గా విడగొట్టడం కుదరదు, అంతకంటే పాత ఏదో భాషలోంచి తెచ్చుకున్న మాట అని చాలామంది పండితుల అనుమానం. రొట్టెల పొయ్యి మాట భాషలు దాటడంలో వింతేమీ లేదు, పొయ్యి ఎక్కడికి పోతే పేరూ అక్కడికి పోతుంది.

అబ్రాహామును నిప్పుల్లో వేశారన్న కథకీ దీనికీ సంబంధం ఏంటి?

మంచి ప్రశ్న. ఆదికాండంలో అబ్రాహాము 'ఊర్ కస్దీమ్' నుంచి బయలుదేరాడని ఉంది. తెలుగు బైబిల్లో 'కల్దీయుల ఊరు' అని పడింది, మనకి అది ఏ పల్లెటూరో అన్నట్టు వినిపిస్తుంది, నిజానికి అది పట్టణం పేరు. హీబ్రూలో అవే అక్షరాలతో రాసే 'ఊర్' అన్న మాటకి మంట అని అర్థం ఉంది. దాంతో యూదు వ్యాఖ్యాతలు ఊర్ నుంచి దేవుడు తప్పించాడు అంటే మంటల్లోంచి తప్పించాడు అని చదివారు, విగ్రహాలకి మొక్కనందుకు నిమ్రోదు అబ్రాహామును బట్టీలో వేయించాడు అన్న కథ అలా ఊపందుకుంది. ఒక అరామిక్ తర్గూములో ఆ చోట ఏకంగా 'అత్తూన్ నూరా' అనే ఉంది, అంటే దానియేలు కథలోని బట్టీనే తెచ్చి అబ్రాహాముకి పెట్టారు.

ఖురాన్‌లో కూడా ఈ కథ ఉంది, ఓ నిప్పా, ఇబ్రాహీముకి చల్లగా, క్షేమంగా ఉండు అని దేవుడు ఆజ్ఞాపిస్తాడు, అక్కడి మాట నార్. టర్కీలో ఉర్ఫా ఊళ్లో ఇప్పటికీ ఒక కొలను చూపిస్తారు, మంట నీళ్లయింది, కట్టెలు చేపలయ్యాయి అని స్థానికుల నమ్మకం, ఆ చేపల్ని ఎవరూ తినరు. ఉర్ఫా పాతపేరు ఎదెస్సా. సిరియాక్ భాష ఎదిగిందే అక్కడ.

యేసు ఈ మాట వాడాడా?

ఆయన మాట్లాడింది అరామిక్ కాబట్టి నిప్పు గురించి చెప్పినప్పుడు ఈ మాటో, దీని పాత చుట్టమో వాడే ఉంటాడు. కానీ సువార్తలు మనకి చేరింది గ్రీకులో. ఆయన నోటి అరామిక్ మాటలు ఉన్నవున్నట్టు మిగిలినవి తలీతా కుమీ, ఎప్ఫతా, ఏలోయీ లాంటివి కొన్నే, వాటిలో నూరా లేదు. సిరియాక్ బైబిల్లో 'నేను భూమి మీద నిప్పు వేయడానికి వచ్చాను' అన్నచోట నూరా ఉంది, అయితే అది గ్రీకు నుంచి మళ్లీ వెనక్కి చేసిన అనువాదం. ఇదే యేసు పలికిన అసలు వాక్యం అని వీడియోల్లో చెప్తుంటారు, అంత ధీమా అక్కర్లేదు.

సిరియాక్ చర్చిల్లో దీనికి ప్రత్యేకమైన అర్థం ఏమైనా ఉందా?

ఉంది, చాలా లోతుగా ఉంది. 373లో ఎదెస్సాలో చనిపోయిన ఎఫ్రేము అనే కవికి నిప్పు అంటే మహా ఇష్టం. ప్రభువు బల్ల గురించి రాస్తూ, నీ రొట్టెలో తినలేని ఆత్మ దాగి ఉంది, నీ ద్రాక్షారసంలో తాగలేని నిప్పు ఉంది అంటాడు. మరియ గర్భంలో నిప్పు, యొర్దాను నీళ్లలో నిప్పు, గిన్నెలో నిప్పు అని ఒకే మాటని దైవత్వం కింద వాడుకుంటూ పోతాడు. యెషయా పెదాలకి దేవదూత పట్టుకారుతో తాకించిన నిప్పుకణిక ఉంది కదా, అక్కడినుంచి ఎత్తుకుని, సిరియాక్ ఆరాధనలో భక్తులకిచ్చే రొట్టెముక్కని 'గ్‌ముర్తా' అంటారు, అంటే నిప్పుకణికే. దేవదూత చేత్తో ముట్టలేక పట్టుకారు వాడినదాన్ని మనం నోట్లో పెట్టుకుంటున్నాం అని అక్కడి కవులు ఆశ్చర్యపోతారు.

పార్సీల నాణేల మీద ఈ మాట ఉందంటారు, వాళ్లది అరామిక్ కాదుగా?

కాదు, అందుకే ఇది సరదాగా ఉంటుంది. 224లో ఇరాన్‌లో సాసానీయ రాజ్యం స్థాపించిన అర్దషీరు వెండి నాణేల వెనకవైపు అగ్నివేదిక బొమ్మ ఉంటుంది, పక్కన 'నూరా జీ అర్దషీర్' అని అరామిక్ మాటలతో రాత, అంటే అర్దషీరుగారి అగ్ని. రాసింది నూరా, చదివేది మాత్రం 'ఆదుర్', నిప్పుకి అది వాళ్ల పారశీక మాట. పాత అరామిక్ గుమాస్తాల అలవాటు పోక, పహ్లవీ అనే ఆనాటి పారశీక రాతలో వందల మాటల్ని అరామిక్‌లో రాసి పారశీకంలో చదివేవాళ్లు. మనం 100 అని అంకె వేసి వంద అని చదవడం లాంటిదే.

శిలువ మీది ఐఎన్ఆర్ఐలో ఎన్ అంటే నూర్ అట, అది నిప్పుకి గుర్తట?

అది తర్వాత రహస్య సంఘాల వాళ్లు అల్లుకున్నది. యమ్మీమ్ నీళ్లు, నూర్ నిప్పు, రూవహ్ గాలి, యబేషా నేల, ఇలా నాలుగు భూతాలు అంటారు. ఆ నాలుగక్షరాలు లాటిన్‌లో 'నజరేయుడైన యేసు, యూదుల రాజు' అన్న మాటల మొదటి అక్షరాలు, అంతకుమించి ఏమీ లేదు. పైగా వాళ్లు చెప్పే నాలుగులో మూడు హీబ్రూ మాటలు, హీబ్రూలో నిప్పు ఎష్ కాబట్టి ఎన్ కుదరక అరామిక్ నుంచి నూర్ అరువు తెచ్చుకున్నారు, అతుకు అక్కడే బయటపడిపోతుంది.

మన నిప్పు, తమిళ నెరుప్పు, నూరా... ఒకేలా ఉన్నాయి కదా?

లేవు. నిప్పు, నెరుప్పు ద్రావిడ మాటలు, అగ్ని సంస్కృతం, లాటిన్ ఇగ్నిస్‌కి చుట్టం. నూరాకి వీటితో ఏ సంబంధమూ లేదు. మన నూరుతో అసలే లేదు, అది వందైనా సరే, పచ్చడి నూరడమైనా సరే.

ఇప్పుడు ఎవరైనా ఈ మాట వాడుతున్నారా?

ఎందుకు వాడరు. ఉత్తర ఇరాక్, ఈశాన్య సిరియా, ఇరాన్‌లోని ఉర్మియా ప్రాంతాల అస్సీరియన్లు, కల్దీయన్లు ఇంట్లో మాట్లాడేది కొత్త అరామికే, వాళ్లకి పొయ్యిలో నిప్పు నూరానే. చికాగో, డెట్రాయిట్‌ల చుట్టుపక్కల వీళ్లు బాగా ఉన్నారు, అక్కడున్న మన తెలుగువాళ్లు అడిగి వినొచ్చు.

యూదుల పస్కా రాత్రి భోజనం చివర్న పిల్లలు పాడే 'హద్ గద్యా' అన్న అరామిక్ పాటలో మేకపిల్లని పిల్లి తింటే, పిల్లిని కుక్క కరిస్తే, కుక్కని కర్ర కొడితే, నూరా వచ్చి ఆ కర్రని కాలుస్తుంది, దాన్ని నీళ్లు ఆర్పుతాయి. మన ఏడు చేపల కథ విన్న చెవులకి వెంటనే పట్టేస్తుంది. ఇవాళ్టి హీబ్రూలో బాణసంచాని 'జికూకిన్ దినూర్' అంటారు, అచ్చమైన అరామిక్, నిప్పురవ్వలు అని. ఇదే దినూర్‌ని ఇంటిపేరుగా పెట్టుకున్న నాజీల ఆష్విట్జ్ శిబిరం బాధితుడు, రచయిత యెహియెల్ దినూర్ 1961లో నాజీ అధికారి ఐక్‌మన్ విచారణలో సాక్ష్యం చెప్తూ బోనులోనే స్పృహతప్పి పడిపోయాడు. నిప్పులోంచి వచ్చినవాడు అన్న అర్థంలో ఆ పేరు తానే ఎంచుకున్నాడు.

మా పాపకి నూరా అని పేరు పెడదామనుకుంటున్నాం, 'దేవుని వెలుగు' అని అర్థం రాశారు. పెట్టొచ్చా?

పెట్టుకోండి, ముచ్చటైన పేరు. అరబిక్, ఉర్దూ వైపునుంచి తీసుకుంటే వెలుగు అనే చెప్పుకోవచ్చు, అందులో తప్పేం లేదు, 'దేవుని' అన్నది మాత్రం పేర్ల జాబితా రాసినవాళ్లు అదనంగా తగిలించింది. అరామిక్ పేరని పెడుతుంటే పాప పేరుకి అర్థం నిప్పు. వెలుగే కావాలి, అదీ అరామిక్‌లోనే కావాలి అంటే నుహ్రా అని పెట్టండి, కాకపోతే స్కూల్లో ఆ 'హ్' ఎవరూ సరిగ్గా పలకరు, ఆ టెన్షన్‌కి మీరు రెడీగా ఉండాలి.